దోన్ ఎలాదియో పేరు

నెలిదా తడిచేతులు ఏప్రన్‌కు తుడుచుకుని ల్యాప్‌టాప్‌లో ‘ఎలాదియో’ అని కొట్టింది. ‘పేరు లేదు’ అని వచ్చింది.

పెరూ రాజధాని లిమా శివారు కొండవాలులో ఆడవాళ్లంతా కలిసి నడుపుకునే వంటశాల అది. పేరు కొడితే ఆనాటి భోజనాల వరుసలో ఉందో లేదో చెప్పే ప్రోగ్రాం నెలిదా జావాస్క్రిప్ట్‌లో రాసింది. యూనిఫారాలు కుట్టుకుంటూ, మిషను పక్కన ఫోను పెట్టుకుని సొంతంగా నేర్చుకున్న విద్య. శనివారమే వాడకంలో పెట్టారు. ఆ రోజే వడ్డించే కిటికీ దగ్గరున్నావిడ తెర చూసి, “మీ పేరు లేదండీ” అనేసింది. అందరూ గౌరవంగా ‘దోన్’ అని పిలిచే ముసలాయన ఎలాదియో, ఉచితంగా తినే మనిషి. తనను వద్దనుకున్నారనుకుని, ఖాళీ గిన్నెతో వెళ్లిపోయాడు. ఇవాళ సోమవారం, వడ్డన మొదలైనా రాలేదు.

“నీ పెట్టె ముసలాయన్ని పస్తు పెట్టిందే తల్లీ!” అంది వంట చేసే మాక్సిమా, పప్పు కలుపుతూ. “ఆయన పేరు రాయించానా లేదా?”

“రాయించావక్కా. అందరికంటే ముందు.”

“ముందే మరి! దిక్కులేనివాళ్ల గిన్నె నిండాకే మన గిన్నెలు.”

నెలిదా జాబితాలోని రెండో పేరు కొట్టింది. ఉంది. ఆఖరిది కొట్టింది. ఉంది. అనుమానమొచ్చి వంటశాల కుక్క కానేలా పేరు కొట్టింది. అదీ ఉందట!

అప్పుడు దొరికింది తప్పు. తను వాడిన ‘ఇండెక్స్‌ఆఫ్’ అనే ఆదేశం ఉందా లేదా అన్నది చెప్పదు, ఎన్నో చోట ఉందో చెబుతుంది. ఆ లెక్క సున్నాతో మొదలవుతుంది. మొదటి పేరుకు సున్నా వస్తే, ప్రోగ్రాం దాన్ని ‘కాదు’ అనుకుంది. అసలు లేని పేరుకు మైనస్ ఒకటి వస్తే, సున్నా కాదు గనక దాన్ని ‘అవును’ అనుకుంది.

“అందుకా, శనివారం ఆ రోసెందో పేరు రాయించకుండానే మెక్కిపోయాడు!” అంది మాక్సిమా.

నెలిదా నవ్వలేదు. ఇండెక్స్‌ఆఫ్ తీసేసి, ఉందో లేదో మాత్రమే చెప్పే ‘ఇన్‌క్లూడ్స్’ పెట్టింది. మొదటి పేరు, ఆఖరి పేరు, కుక్క పేరు మళ్లీ కొట్టి చూసింది. ఉంది, ఉంది, లేదు. ఫోనులోనూ తెరిచి చూసుకుని, గిన్నె నిండా అన్నం, పప్పు పెట్టించుకుని మెట్లెక్కింది.

దోన్ ఎలాదియో తలుపు ఓరగా తీశాడు. “నా పేరు తీసేశారుగా అమ్మాయ్.”

“ఎవరూ తియ్యలేదు తాతా. నేనే తప్పు రాశాను. సరిచేశా, నువ్వే చూడు,” అంటూ ఫోను అందించింది.

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టాడు. తెరను దగ్గరగా పెట్టుకుని ‘ఉంది’ అని చదివాడు. తలుపు బార్లా తీసి, రెండు చేతులా గిన్నె అందుకున్నాడు.