రేపటి తేదీ చుట్టూ చిన్నమ్మ గీసిన సున్నా

నిన్న డ్యూటీలో టీ బ్రేక్‌కి లాకర్ తెరిచి ఫోన్ చూస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్.

ఎల్లుండి నాకు స్కాన్ ఉంది కదా, ఆస్పత్రి వాళ్ళేమో అనుకున్నాను.

కాదు. అన్నీ మా రత్నమ్మ చిన్నమ్మ కొడుకు మంజు చేసినవే.

హమ్మయ్య, నా గురించి కాదులే అనుకున్నాను.

తిరిగి ఫోన్ చేస్తే వాడు ఒకటే మాట అన్నాడు. "అమ్మ పోయిందక్కా."

ఆ "హమ్మయ్య" నిన్నటి నుంచి నా గొంతులో ముల్లులా ఉంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. బేరిగై అనే ఊరి దగ్గర వాళ్ళకి గులాబీల పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పెంచే తోట ఉంది. ఇప్పుడు ప్రేమికుల రోజు సీజన్ కాబట్టి ఊపిరాడని పని. షెడ్‌లో స్టూల్ మీద కూర్చుని పూలు గ్రేడింగ్ చేస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. హార్ట్ అటాక్ అన్నారు.

గ్రేడింగ్ అంటే తెలియని వాళ్ళకి చెప్తాను. కాడ పొడుగ్గా, తిన్నగా, మొగ్గ పెద్దగా ఉంటే ఫస్ట్ గ్రేడ్. ఇరవై కలిపి ఒక బంచ్ కడతారు. మెడ వంగినవి పక్కన బకెట్‌లో పడేస్తారు. ఇంట్లో దేవుడి పటానికైనా, ఆడవాళ్ళ తలలోకైనా ఆ బకెట్‌లోవే. ఆ ఇంట్లో ఫస్ట్ గ్రేడ్ పువ్వు ముట్టుకున్న వాళ్ళు లేరు.

చిన్నమ్మ కూడా ముట్టుకోలేదు, చాలా ఏళ్ళు.

మంచాన పడ్డ అత్తగారి మలమూత్రాలు తొమ్మిదేళ్ళు ఎత్తిపోసింది. తనకి రక్తస్రావం అవుతుంటే మాత్రం కళ్ళు తిరిగి పడిపోయే దాకా ఎవరికీ చెప్పలేదు. గర్భసంచి తీసేసి ఇంటికి పంపారు.

ఆ ఏడు ఇదే సీజన్‌లో నేను షెడ్‌లోనే ఉన్నాను. చిన్నమ్మ ఫస్ట్ గ్రేడ్ బంచ్ ఒకటి తీసి, స్టీలు బిందెలో నీళ్ళు పోసి పెట్టుకుంది. బాక్సులు ఎక్కించే వ్యాన్ డ్రైవర్ అడిగాడు.

"ఇది ఎవురికమ్మా? ఎక్కించేదా?"

"అది నాకప్పా. ఆడే ఉండనీ."

డ్రైవర్ నవ్వాడు. చిన్నాయన రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. ఆమె మాత్రం పూలు రాలిపోయే దాకా రోజూ నీళ్ళు మార్చింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే.

ఇక నా సంగతి. దాచి లాభం లేదు.

నాలుగు నెలల క్రితం నా ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. మూడుసార్లు అపాయింట్‌మెంట్ తీసుకుని మూడుసార్లూ మానేశాను. ఒకసారి మా అత్తమ్మ కంటి ఆపరేషన్. ఒకసారి పాప పరీక్షలు. ఒకసారి ఓవర్‌టైమ్ అన్నాను. నిజం చెప్పాలంటే భయం.

చిన్నమ్మకి ఒక్కదానికే చెప్పాను. అన్ని తిట్లు నా జన్మలో తినలేదు.

"మొగుడి మీద ప్రేమ, బిడ్డ మీద ప్రేమ, అత్త మీద ప్రేమ. అందురికీ ఫస్ట్ గ్రేడ్ ఇచ్చినావు. నీకు మాత్రం బకెట్‌లోది పెట్టుకొన్నావు. యాడిదమ్మా ఈ న్యాయం?"

తనే ఫోన్ చేసి క్రిష్ణగిరి ఆస్పత్రిలో స్కాన్‌కి డేట్ తీసుకుంది. నీ వెంట నేనూ వస్తా, తప్పించుకుంటే చెవి పట్టుకుని లాక్కుపోతా అంది.

నిన్న సాయంత్రం మట్టి చేశాం. తర్వాత షెడ్‌లోకి వెళ్తే గోడ క్యాలెండర్‌లో రేపటి తేదీ చుట్టూ పెద్ద సున్నా. కింద తన అక్షరాలతో "లత ఆస్పత్రి".

ఇదేంది లతా అని అందరూ అడిగారు. నేను చూపు తిప్పుకుని బయటికి వచ్చేశాను.

మంజు పక్కకి పిలిచి చెప్పాడు. "వారం నుంచి ఎడమ చెయ్యి లాగుతుంది అనేదక్కా. పోదాం రామ్మా అంటే, లత పని అయిపోనీ, ఆడే నాదీ చూపించుకొంటా అనింది."

మొదటి అపాయింట్‌మెంట్‌కే నేను వెళ్ళి ఉంటే?

ఆ ప్రశ్నతోనే తెల్లవారింది. చిన్నమ్మ మీద కోపం కూడా వస్తోంది. నాకు అంత చెప్పి, తన చెయ్యి లాగుతుంటే నా పేరు చెప్పి వాయిదా వేసుకుంది. అన్నీ నేర్చుకున్న మనిషి కూడా చివర్లో తనని బకెట్‌లోనే పెట్టుకుంది.

రేపు మూడో రోజు. సమాధి మీద పాలు పోయాలి. "సొంత చిన్నమ్మకి పాలు పోసేదానికి రాకపోతే జనం ఏమనుకొంటారే?" అని అమ్మ పొద్దున్నుంచి ఏడుస్తోంది. అమ్మకి గడ్డ సంగతి చెప్పే ధైర్యం లేక ఇదంతా ఈ పోస్ట్‌లో రాస్తున్నాను. అమ్మ పక్కన ఉన్న వాళ్ళెవరైనా మెల్లగా చదివి వినిపించండి.

రేపు పది గంటలకి నేను క్రిష్ణగిరిలో ఉంటాను. రిపోర్ట్‌లో ఏముంటుందో తెలియదు. చాలా భయంగా ఉంది.

చిన్నమ్మా, నా వాటా పాలు మంజు పోస్తాడు. నువ్వు రాసిన చోటికి నేను పోతాను.

ఇంక ఎవరి పిలుపుకీ లేవొద్దు. నిమ్మళంగా పడుకో.