బోథ్ తోవకు రెండున్నర ఇంచులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, అంటే 1957 ఎండాకాలం మొదట్ల, నన్ను కరీంనగర్ సర్కారీ మోటరు వర్క్‌షాపు నుంచి ఆదిలాబాదుకు బదిలీ చేసిండ్రు. హోదా రెండో గ్రేడు మెకానిక్. ఫిట్టర్ కంటె ఒక మెట్టు పైన, ఫోర్‌మన్ కంటె ఒక మెట్టు కింద. అక్కడ ఫోర్‌మన్ పోస్టు ఖాళీగ ఉండె గనుక షెడ్డుకు పెద్ద నేనే. ఇరవై ఎనిమిదేండ్ల వయసు. నాకు తెల్వని బండి ఈ జిల్లాల లేదనుకునేటోణ్ణి.

నాకు ఒప్పజెప్పిన మొదటి పని దవాఖాన పికప్పు. యుద్ధం అయినంక మిలిటరీవాళ్ళు వేలమేసిన పాత బండి. ముందల ఇద్దరు కూసునే జాగ, వెనక చెక్క తొట్టి, మీద టార్పాలిన్. దినాం పొద్దుగాల మందులను, కాన్పులు చేసే నర్సు అనసూయమ్మను ఎక్కించుకొని బోథ్ దిక్కు పల్లెలు తిరిగి, పొద్దుమూకేసరికి ఆదిలాబాదు చేరాలె. ఎండల బాగనే నడిచేది. పరేషాన్ అంత వానకాలమే. అక్కడిది నల్లరేగడి. పత్తి బండ్లు నడిచి నడిచి తోవల కాలువల లెక్క రెండు లోతు గాళ్ళు పడుతయి. ఎడ్లు చెరొక దిక్కు తొక్కుకుంట పోతయి గనుక రెంటి నడుమ ఎవరూ తొక్కని మట్టి గట్టు లెక్క నిలుస్తది. మోటరు చక్రాలు గాళ్ళల్ల దిగినయంటే బండి పోయి ఆ గట్టు మీద కూసుంటది. ఇగ చక్రాలు ఉత్తగనే తిరుగుతయి, బండి కదలది.

కిందటి వానకాలం అట్లనే కూసున్నదట. నొప్పులు పడుతున్న ఆడిమనిషిని దించి, మంచం మీద పండవెట్టి రెండు కోసులు మోసుకపోయిండ్రు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలే. అనసూయమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు ఏడ్వలే. "బిడ్డకు ఏ రోగం లేదు సారూ. బండి కూసున్నందుకు పోయింది" అన్నది. ఆ మాట నాకు ముల్లు లెక్క దిగింది.

ఈ ముచ్చట కరీంనగర్‌ల సూపరింటెండెంట్ సాబ్ దాకా పోయింది. మృగశిర కార్తెల తానే వచ్చి చూస్తనని, బండి గాళ్ళు దాటకపోతే కండెం చేస్తనని ఫైలు మీద రాసిండు. కండెం అంటే పనికిరాదని రాసి వేలానికి పెట్టుడు. బండి పోతే అనసూయమ్మను పట్నం దవాఖానకు మారుస్తరు. ఇగ ఆ పల్లెలకు నర్సు లేనట్టే.

బండిని ఎత్తు చేసుడు ఒక్కటే ఉపాయం. ఎంత ఎత్తు అన్నకాడనే లొల్లి. డ్రైవర్ ఖాసిం భాయ్ ఆరు ఇంచులకు తక్కువ ఒప్పుకోడు. "జర ఏనుగు లెక్క పోవాలె సాబ్" అనేటోడు. ఆరు ఇంచులు లేపితే ఇంజను నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టు ఏటవాలు అయితది, దాని జాయింట్లు నెల దినాలకే అరుగుతయి. స్టీరింగు కడ్డీ వంకర పడి ప్రతి గుంతకు బండి పక్కకు గుంజుతది. ఒకనాటి పందేనికైతే నడుస్తది గని దినాం అరవై మైళ్ళు తిరిగే బండికి కాదు. ఇదంత చెప్పి నాలుగు ఇంచులని తేల్చిన. వెనక ఇరుసుకు, దాని మీద బండి బరువు మోసే పట్టీల స్ప్రింగు కమాన్‌కు నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి పొడుగు యూ బోల్టులతోని బిగిచ్చిన. ముందల దిమ్మెలు పెట్టుడు ప్రమాదం, అందుకే అక్కడ కమాన్లను కొలిమిల కాల్చి వంపు పెంచి, ఒక్కొక్క పట్టీ ఎక్కువేసిన. భూమి నుంచి బంపర్ దాక టేపు పట్టి చూస్తే సరిగ్గ నాలుగు ఇంచులు లేచింది. మీసం మీద చెయ్యేసుకున్న.

కిందటేటి గాళ్ళు ఎండకు రాయి లెక్క గట్టివడి ఉండె. పరీక్షకు మా ఫిట్టర్లను, అనసూయమ్మను, మందులను ఎక్కించుకొని పోయి, బోథ్ ఇంక కొంత దూరం ఉన్నదనంగ బండిని అండ్ల దించిన. ఇరవై గజాలు పోలే, కింద కర్రుమని ఇనుము గీరిన సప్పుడు, బండి నిలవడ్డది. తొట్టిల మందు సీసాలు రెండు పగిలినయి. అనసూయమ్మ దిగబోతే కాలు భూమికి అందలే. నేను కింద పండుకొని చూస్తే, వెనక ఇరుసు నడుమ పండ్ల చక్రాలుండే డిఫరెన్షియల్ పెట్టె, మేము గుండు అంటుంటిమి, ఎప్పటి లెక్కనే గట్టు మీద కూసున్నది.

పక్కన తుమ్మచెట్టు కింద లచ్చన్న అనే వడ్లాయన, ఎడ్లబండ్లు చేసే వడ్రంగి, బండి చక్రానికి ఆకులు దిగ్గొడుతుండె. బండిని గుంజెతందుకు ఎడ్లను పట్టుకొచ్చిండు. కిందికి వంగి చూసి మెల్లగ అన్నడు: "సారూ, మీరు తొట్టిని లేపిండ్రు. తాకుతున్నది ఇరుసు. మా బండి ఎత్తు చెయ్యాల్నంటె మేము చక్రం పెద్దగ చేస్తం. పైన తొట్టి లేపితే ఇరుసు లేస్తదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇది ప్రతి ఫిట్టర్‌కు తెలిసిన సంగతే. ఇరుసు కమాన్ కింద ఉంటది, చక్రాన్ని పట్టుకొని ఉంటది. కమాన్ ఎంత లేపినా అది ఉన్నకాడనే ఉంటది. కాని ఆఫీసర్లు వచ్చి చూసేది బంపర్ దిక్కే గనుక మా వర్క్‌షాపులల్ల ఎత్తు బంపర్‌కే కొలిచేటోళ్ళం. ఆ అలవాటుల తెలివి కొట్టుకపోయింది. మా ఫిట్టర్ల ముందల ఒక వడ్లాయన చెప్పేదాక నాకు తట్టలే.

మరునాడు టేపు పట్టుకొని గట్టు దగ్గరనే కూసున్న. బండిల నిండ మనుషులను, మందులను ఎక్కించి కొలిస్తే గుండు గట్టు కంటె ఇంచున్నర కిందికున్నది. మా స్టోరుల పెద్ద మిలిటరీ ట్రక్కు టైర్లు పడి ఉండె, మా రిమ్ములకు సరిపోయేటియి, ఎత్తుల నాలుగు ఇంచులు పెద్దయి. ఇరుసు చక్రం నట్టనడుమ ఉంటది గనుక టైరు పెరిగిన దాంట్ల సగమే దానికి దక్కుతది. అంటే రెండు ఇంచులు. గట్టు దాటినంక అర ఇంచు మిగులుతది. ఇగ ఆ టైర్లు మడ్‌గార్డుకు రాసుకోకుంట తిరిగెతందుకు మాత్రమే కమాన్ లేపాలె. లెక్క రెండున్నర ఇంచులకు తేలింది. నాలుగు ఇంచుల దిమ్మెలు తీసేసి రెండున్నరయి చేయించిన, ముందల వంపు కూడ అంతకే దించిన. ఎక్కువేసిన పట్టీలు తీసేస్తే కమాన్ మెత్తబడ్డది, సీసాలకు దెబ్బ తగలలే. పెద్ద టైర్లకు బండి జోరు కొంచెం తగ్గింది, ఎక్కుడుకు గేరు తొందరగ మార్చుకోవాల్సి వచ్చేది. ఖాసిం భాయ్ మూడు దినాలు మూతి ముడుచుకున్నడు. "అందరు పైకి లేపుతరు, మీరు కిందికి దించుతుండ్రు" అన్నడు.

ఆఖరుకు అనసూయమ్మను పిలిచి, నిండు చూలాలు ఎంత ఎత్తుకు కాలెత్తుతదని అడిగిన. ఆమె తన మోకాలి కింద చెయ్యి పెట్టి చూపిచ్చింది. ఆ ఎత్తుకు వెనక ఇనుప మెట్టు వెల్డింగు పెట్టిన.

మృగశిరల నాలుగు దినాలు ముసురు పట్టింది. సూపరింటెండెంట్ సాబ్ ముందు సీట్ల కూసున్నడు, ముఖంల నవ్వు లేదు. గాళ్ళల్ల దిగినం. కింద మట్టి రాసుకునే సప్పుడు కోసం నేను తొట్టిల చెవులు రిక్కించి కూసున్న. ఏ సప్పుడు రాలే. ఖాసిం భాయ్ రెండో గేరుల ఆగకుంట అటు దరికి తీసుకపోయిండు. అక్కడి పల్లెల అనసూయమ్మ ఒక ఇంట్లకు పోయి ఉరుక్కుంట వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, పెద్ద దవాఖానకు పోవాలె అన్నది. ఆ తల్లి ఇద్దరి భుజాలు పట్టుకొని ఇనుప మెట్టు మీద కాలు పెట్టి తానే ఎక్కింది. సాబ్ తన ముందు సీటు ఆ తల్లిని కన్న అవ్వకు ఇచ్చి, అనసూయమ్మను తొట్టిల ఆ తల్లి పక్కన కూసోవెట్టి, తాను వచ్చి నా పక్కన మందుల పెట్టె మీద కూసున్నడు. వాపసు అవే గాళ్ళు, అదే వాన. ఆదిలాబాదు దవాఖానల పగటీలి, నడి మధ్యాహ్నం, ఆడపిల్ల పుట్టింది. తల్లి, బిడ్డ ఇద్దరు దక్కిండ్రు. ఆ దినం నా అంత సంతోషంగ ఉన్న మనిషి ఆ ఊర్ల ఇంకొకడు లేడనుకుంట.

సాబ్ బట్టలకు ఎండిన బురదతోనే ఫైలు తెప్పించుకొని, కండెం అన్న తన రాతను కొట్టేసి, సర్వీసుకు పనికొస్తదని రాసి సంతకం చేసిండు. ఆ బండి ఇంక ఆరు వానకాలాలు నడిచింది. అనసూయమ్మ బదిలీ ఆగిపోయింది.

ఆ తర్వాత నేను ఫోర్‌మన్ అయిన, ఇంక పైకి కూడ పోయిన. బండిని లేపాలని ఎవరొచ్చినా ఎంత లేపాల్నని ముందుగాల అడగలే. తాకుతున్నది ఏంది, ఎక్కేటిది ఎవరు, ఈ రెండు అడిగిన. ఇవి తేలినంక ఇంచుల లెక్క పది నిమిషాల పని.