కిటికీ పక్క బెంచీ

తెలంగాణ ఉద్యమం రోజులు. కరెంటు లేకపోయినా గాలీ వెలుతురూ తగ్గని బడిని అట్టతో కట్టి చూపించాలని సిరిసిల్లలో విద్యార్థులకు పోటీ పెట్టారు. కోరుట్ల నుంచి నేనూ, నా క్లాస్‌మేట్ సలీమూ మా బడిని ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. జగిత్యాలలో రాస్తారోకో. బస్సు కదల్లేదు.

పక్క సీట్లో పెద్దావిడ, బడి లోపల చూపించమంది. పైకప్పు తీశాం. అగ్గిపుల్లల బెంచీలు బోర్డు వైపు వరసగా ఉన్నాయి. సలీం స్కేలు పెట్టి మరీ అతికించాడు.

"గీ కిటికి కాడిది మా పిలగానిది," అందామె. "జర కిటికి దిక్కు తిప్పుండ్రి కొడుకా. వానికి గాలి కావాలె."

"గమ్ముతోని అతికిచ్చినం పెద్దమ్మా, తిరగది," అన్నాడు సలీం. "మీవోడు ఏం చదువుతుండు?"

"తెలంగాణ కోసం పానమిచ్చిండు," అందామె మామూలుగా. "ఏం గాదు తియ్. వాడే తిప్పుకుంటడు. ఏ క్లాసుల కూసున్నా గదే పని."

సలీం కప్పు మూసి టేపు వేశాడు. ఆమె అక్కడే దిగిపోయింది. సిరిసిల్ల దాకా ఆ బడి నా ఒళ్లోంచి కదల్లేదు.

జడ్జి ముందు మేమే టేపు విప్పాం. ఆ ఒక్క బెంచీ కిటికీ వైపు తిరిగి ఉంది. వేలితో కదిపి చూశాను. గట్టిగా అతుక్కునే ఉంది.

"గిదొక్కటి వంకర పెట్టిండ్రేంది? మార్కులు పోతయి," అన్నారాయన.

సలీమే చెప్పాడు.

"వంకర గాదు సార్. గా పిలగాడు గట్లనే కూసుంటడు."