వెనక డాట్లు

ఆ వీధిలో అందరూ ఆమెను చిన్నమ్మ అనే పిలిచేవారు. అక్కగారు పెద్దమ్మ కాబట్టి ఈవిడ చిన్నమ్మ అయింది. పెద్దమ్మ పోయాక కూడా ఆ పిలుపు మారలేదు. చెప్పుల దుకాణం మీద రెండు గదులు వాళ్లవి. ముందుగది కుట్టుకొట్టు, వెనకగది ఇల్లు. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు కొలతలు తీసి పంపించేస్తారని ఆ అక్కాచెల్లెళ్ల మీద వీధిలో ఒక పరాచికం ఉండేది.

పెద్దమ్మది కత్తెర, చిన్నమ్మది సూది. వచ్చినవాళ్లను పలకరించడం, నవ్వించడం, ఆలస్యమైతే సర్దిచెప్పడం అంతా పెద్దమ్మే. చిన్నమ్మ నోట్లో నాలుక లేని మనిషి. “నోటినిండా గుండుసూదులు పెట్టుకుంటే ఇంక మాటలకి చోటెక్కడుంటుంది?” అని పెద్దమ్మే వెక్కిరించేది.

చిన్నమ్మ చేతి డాట్లకు మాత్రం పేరుండేది. డాటంటే బ్రహ్మవిద్యేమీ కాదు. గుడ్డను లోపలివైపు మడిచి, వెడల్పుగా మొదలుపెట్టి, పోనుపోను సన్నం చేసుకుంటూ మొనలా ముగించే కుట్టు. బల్లపరుపుగా ఉన్న గుడ్డకు ఒంటి వంపు వచ్చేది దానివల్లే. మొన దగ్గర తొందరపడితే అక్కడ బుడిపె లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా అణగదు. అందుకని మొన దగ్గరికి రాగానే చిన్నమ్మ తొక్కడం ఆపి మిషను చక్రాన్ని చేత్తో తిప్పేది. చివరి కుట్లు మడత అంచునే, పోగు ఎడంలో పడేవి. అక్కడ వెనక్కి కుట్టి బిగించేది కాదు. దారాలు పొడుగ్గా వదిలి చేత్తో ముడివేసేది. తర్వాత చుట్టిన తువ్వాలు మీద పరిచి ఇస్త్రీపెట్టెతో అద్దేది. డాటు ఎక్కడ ఆగిందో కంటికి ఆనేది కాదు.

వాళ్ల దగ్గర పని నేర్చుకున్న పిల్ల ఒకతె ఉండేది. ఒక్కచోట నిలవదని దానికి బొంగరం అని పేరు పెట్టారు. పని వచ్చాక అది ఎదురుగానే సొంతకొట్టు పెట్టింది, సగంమంది ఖాతాదారులు అటు జారుకున్నారు. ఆ రోజు నుంచి పెద్దమ్మ దాని ముఖం చూడటం మానేసింది. చిన్నమ్మకు బొంగరం మీద పెద్దగా కోపం లేదు. కానీ అక్క మాట్లాడని మనిషితో తానెలా మాట్లాడుతుంది? ఏళ్లు గడిచాయి. బొంగరం కూడా నడివయసులో పడింది.

పెద్దమ్మకు ఊపిరితిత్తుల జబ్బని చిన్నమ్మకు తెలిసేసరికే పరిస్థితి చేయి దాటిపోయింది. ఆసుపత్రిలో చేరిన మనిషి చలికాలం వెళ్లకముందే వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొట్లో మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. వచ్చినవాళ్లు బట్టలిచ్చి, కాసేపు పెద్దమ్మ కుర్చీ వైపు చూసి, పొడిపొడిగా రెండు మాటలనేసి వెళ్లేవారు. చిన్నమ్మకు వంట మీద ధ్యాస పోయింది. రొట్టెముక్క, టీ చుక్కతో పూట గడిపేసేది. ఎవరికైనా కొలతలు తీస్తున్నప్పుడు తప్ప ఆమె చేతికి మరో మనిషి తగిలేది కాదు. ఆమెను తాకేవాళ్లు అసలే లేరు.

అలా ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. కూతురి పెళ్లట.

“చిన్నక్కా, నువ్వు రాకపోతే ఊరుకోను. ఆ బూడిదరంగు గౌను మాత్రం వేసుకురాకు తల్లీ. మీ మరదలు ఇప్పటికే నా ప్రాణం తీస్తోంది, ఫొటోల్లో అందరూ బాగుండాలని.”

“కొత్తది కుట్టుకుంటాలేరా.”

అన్నంత తేలిక కాలేదు. ముదురు ఆకుపచ్చ గుడ్డ తీసుకుంది, కత్తిరించింది, ముందుభాగం ఇట్టే కుదిరింది. వెనకభాగం దగ్గరే చిక్కు వచ్చింది. ఇన్నాళ్లూ తన వీపు మీద సూదులు గుచ్చి డాట్లు గుర్తుపెట్టింది అక్కే. ఇప్పుడు రెండద్దాల మధ్య నిలబడి, చేతులు వెనక్కి విరిచి తనే గుచ్చుకోబోయింది. చేతులు పైకెత్తితే గుడ్డ పైకి వస్తుంది, దించితే సూదులు రాలిపోతాయి. అందాజుగా కొలిచి, తేలిగ్గా ఊడొచ్చే టాకాలు వేసి చూస్తే వీపంతా సంచిలా వేలాడింది. విప్పింది, మళ్లీ వేసింది, మళ్లీ విప్పింది. ఎంతోమంది వీపులకు గుడ్డ సరిచేసిన మనిషి, తన వీపు తనకు అందక మిషను ముందు కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే గౌను మూట కట్టుకుని వీధి దాటింది.

బొంగరం ఆమెను చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. “చిన్నమ్మా!” అంది.

“వెనక డాట్లు పెట్టాలి,” అంది చిన్నమ్మ. “నాకు అందట్లేదు.”

బొంగరం తలుపు దగ్గరగా వేసింది. గౌను తొడిగించి, వీపు మీద అరచేయి పెట్టి గుడ్డ సాపు చేసింది. ఆ చేతి వెచ్చదనానికి చిన్నమ్మ ఒళ్లు ఒక్కసారి జలదరించింది. కదిలితే ఆ చేయి తీసేస్తుందేమోనని బిగుసుకుపోయి నిలబడింది.

“మిషను మీద వంగీ వంగీ ఎడం భుజం పైకొచ్చింది చిన్నమ్మా. రెండు పక్కలా ఒకేలా పెడితే కుదరదు. ఎడమది కాస్త పొడుగు పెడుతున్నా.” సూదులు గుచ్చుతూనే గొంతు తగ్గించింది. “నువ్వు కూడా బాగా చిక్కిపోయావు, పెద్దమ్మలాగా.”

“పెద్దమ్మని నువ్వెప్పుడు చూశావు?”

బొంగరం చెయ్యి ఆగిపోయింది. నసుగుతూ చెప్పింది. జబ్బు సంగతి తెలిసిన కొత్తల్లో పెద్దమ్మే ఈ కొట్టుకు వచ్చిందట. గౌన్లన్నీ లోతుగా డాట్లు పట్టి బిగించమని అడిగిందట. ఒళ్లు తగ్గుతున్నకొద్దీ మళ్లీ మళ్లీ వచ్చిందట. గౌను కాస్త వదులైనా చెల్లెలి కంటికి దొరికిపోతానని భయపడిందట.

“చెప్పొద్దని ఒట్టేయించుకుంది చిన్నమ్మా. అంతే. అంతకుమించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. క్షమించిందేమోనని నేనే ఆశపడ్డా.”

చిన్నమ్మ సూదులతో సహా గౌను విప్పి అక్కడే వదిలేసి, తన బట్టలు వేసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి పెట్టె తీసింది. అక్క గౌన్లు ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. ప్రతిదానిలోనూ తన కుట్టు పక్కన బొంగరం కుట్టు, దాని పక్కన ఇంకోటి, ఇంకాస్త లోతుగా మరోటి. మనిషి ఎలా తరిగిపోయిందో వరసగా కనబడుతోంది. ఒకే గదిలో పడుకుని, ఒకే బల్ల మీద తిని, తనెందుకు కనిపెట్టలేకపోయింది? గౌను చక్కగా అమరితే చాలు, లోపలి మనిషి బాగానే ఉందనుకుంది. అక్క మీద కోపం, బొంగరం మీద అసూయ, తన మీద తనకు రోత, అన్నీ కలగాపులగమయ్యాయి. ఒక గౌను ముఖానికి అదుముకుంది. అందులో ఇప్పుడు సబ్బు వాసన తప్ప అక్క వాసన లేదు.

పెళ్లి దగ్గరపడ్డాక బొంగరమే మెట్లెక్కి వచ్చింది. సూదులు కదలకుండా గౌను జాగ్రత్తగా తెచ్చింది. “కుట్టమంటావా, నువ్వే కుట్టుకుంటావా?” అని గుమ్మంలోనే అడిగింది.

“నేనే కుడతా. నువ్వు కూర్చో.”

బొంగరం గది అంతా చూసి, ఎక్కడా కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడింది. చిన్నమ్మ డాట్లు వేసి, ముడులు వేసి, ఇస్త్రీ చేసి తొడుక్కుంది. బొంగరం వీపు మీద చేయి వేసి నిమిరి, “బుడిపె లేదు,” అంది. చిన్నమ్మ తలూపింది. అక్క గురించి ఇంకేదో అడగాలనుకుంది. అడగకుండా కింద పడిన దారపు ముక్కలు ఏరింది. బొంగరం వెళ్లిపోయింది.

పెళ్లిలో ఆమెను అందరూ బాగానే చూశారు. తమ్ముడు ఫొటో కోసం భుజం చుట్టూ చేయి వేసి, “ఎవరు కుట్టారే? సినిమా తారలా ఉన్నావు,” అన్నాడు. మరదలు వెనక్కి తిప్పి మరీ చూసింది. ఆ తర్వాత ఎవరి హడావుడి వాళ్లది. చిన్నమ్మ గోడవార కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసింది. ఎవరి కోటు ఎక్కడ లాగుతోందో, ఏ గౌను ఎక్కడ పిగిలేలా ఉందో ఆమెకు కనబడుతూనే ఉంది. మరదలి జాకెట్టు అయితే జిప్పు వంకరపోయి, ఆవిడ నవ్వినప్పుడల్లా పక్కకి ఈడ్చుకుపోతోంది. పక్కకు తిరిగి చెప్పబోయింది చిన్నమ్మ. పక్క కుర్చీలో ఎవరిదో చేతిసంచి ఉంది.

సాయంత్రం బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి ఎదురు కొట్లో దీపం వెలుగుతోంది. బొంగరం తల వంచుకుని ఏదో కుడుతోంది. చిన్నమ్మ మెట్ల దగ్గర ఆగింది. ఆ జిప్పు సంగతి ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. అయినా వెంటనే కాలు కదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడి, చివరకు వీధి దాటి తలుపు తట్టింది.

“టీ తాగావా?” అని అడిగింది.