సున్నా చూపించిన రోజు

పాశమైలారం మలుపు దగ్గర బస్సు కిటికీలోంచి ఆ మందుల ఫ్యాక్టరీల వాసన వచ్చింది. కుళ్లిన క్యాబేజీలో స్పిరిటు పోసినట్టుంటుంది. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఖలీల్ సార్ గుర్తొచ్చారు.

పటాన్‌చెరులో ఫ్యాక్టరీ యంత్రాలకు కంట్రోలర్లు చేసే చిన్న కంపెనీలో ఆయన నా పైఅధికారి. సంగారెడ్డి మనిషి. కంట్రోలర్‌లో అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్. దానికి తగిలించే ముక్కలు మాడ్యూళ్లు. కెర్నెల్‌ను ఆపకుండా పాత ముక్క తీసి కొత్తది పెట్టాలి. పెట్టడం ఎవరైనా పెడతారు, తీయడంలోనే పనితనం తెలుస్తుందనేవారు. నేను తొందరమనిషిని, అదంతా చాదస్తమనుకునేదాన్ని. ఒకసారి నా పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు.

"కిరాయి ఇల్లు ఖాళీ చేయించినట్టే బేటా. ముందుగాల కొత్తోళ్లను రానియ్యకు. లోపటున్నోళ్ల పని అయ్యేదాక ఆగు. గప్పుడు తియ్యి."

పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి నేనొక్కదాన్నే వెళ్లాను. పొడి ఆరబెట్టే యంత్రంలో మాడ్యూల్ మార్చాలి. దాన్ని ఎన్ని ప్రోగ్రాంలు వాడుతున్నాయో చెప్పే లెక్క సున్నా చూపించింది. తీసేశాను. కానీ అందులో నేను పెట్టిన టైమరు ఒకటి ఇంకా మోగాల్సి ఉంది, రద్దు చేయడం మరిచాను. అది మోగే వేళకు దాని కోడే అక్కడ లేదు. కెర్నెల్ కుప్పకూలింది, యంత్రం ఆగింది, లోపలి సరుకంతా పాడైంది. సున్నాయే చూపించింది సార్ అని ఫోనులో ఏడ్చాను.

"సున్న అంటే ఎవరు పట్టుకొని లేరని బేటా. లోపట ఎవరు లేరని కాదు," అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మర్నాడు మీటింగులో యజమాని ఇది ఎవరి పని అని అడిగారు. నేను చేరి ఆర్నెల్లు, ఇంట్లో జీతం నాదొక్కటే. తలొంచుకు కూర్చున్నాను. ఖలీల్ సార్ లేచి, ఆ కోడు చూసి సరే అన్నది తానేనన్నారు. నిజానికి ఆ టైమరు పెట్టిన మార్పు నేను ఆయనకు చూపించనే లేదు. మధ్యాహ్నానికల్లా ఆయన్ని పంపించేశారు. పనులు అప్పజెప్పడానికి వారం అడిగితే ఒక్క పూట కూడా ఇవ్వలేదు.

సాయంత్రం ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

"పొద్దుగాల చూసిన. గదే ఫైల్ల ఇంకో టైమర్ ఉన్నది. గది గూడ ఆపలేదు నువ్వు. జెర చూస్కో."

క్షమించమని అడగాల్సిన చోట "సరే సార్" అన్నాను. వెళ్లి కలవాలి, చెప్పాలి అనుకుంటూ రోజులు నెట్టాను. ఏడాది తిరక్కుండానే గుండెపోటుతో పోయారు. పిరికిదాన్ని, అంతకు మించి ఏం చెప్పుకోను.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. కొత్తవాళ్లకు మాడ్యూల్ తీయడం నేర్పేటప్పుడు ఆయన మాటలే, ఆయనవని చెప్పి మరీ చెబుతాను. పోయిన నెల, యంత్రం ఆగిననాటి రిపోర్టు దిద్దమని, తప్పు నాదని యజమానికి రాసిచ్చాను. పోయిన మనిషి సంగతి ఇప్పుడెందుకమ్మా అన్నారు. రిపోర్టులో బాధ్యులు అన్న చోట ఇంకా ఖలీల్ సార్ పేరే ఉంది.