మగ సవతి

ఆ రోజు ఆయన తడిగుడ్డ పిండుకొచ్చి వరండాలో కుర్చీలు రెండూ తుడిచారు. గాజువాకలో ఇది రోజూ ఉండే పనే. రాత్రి తుడిచినా తెల్లారేసరికి స్టీల్ ప్లాంటు నుంచి నల్లటి పొడి వచ్చి చేరుతుంది, వేలు పెట్టి రాస్తే గీత పడుతుంది. కుర్చీ చేతుల కింద కూడా తుడిచి, గుడ్డ జాడించి గ్రిల్లు మీద ఆరేశారు. "కారప్పొడి ఉందేటే?" అని లోపలికొచ్చి అడిగారు. ఉందన్నాను. ఇడ్లీలు తిని, ఇంకోటి వేస్తానంటే వద్దని, చెయ్యి కడుక్కుని మళ్లీ వరండాలోకి వెళ్లి కూర్చున్నారు. నేను కాఫీ పట్టుకుని వెళ్లేసరికి తల ఓ పక్కకి వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాం గానీ అక్కడ డాక్టరు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఆటో వచ్చేలోగా ఆయన ఒళ్లో ఫోను మోగింది. ఎవరో చూడక్కర్లేదు. ఆ వేళకి ఫోను చేసేది ఒక్కడే, ఆయన విదేశీ స్నేహితుడు వసీలే. ఏడుపు కంటే ముందు నా గొంతులోకి వచ్చింది అసూయే. ఈ ఒక్క పూట కూడా ఆయన్ని నాకు వదలడా అనుకున్నాను.

మా ఆయన పేరు కొండలరావు. సబ్బవరం దగ్గర పల్లెలో పుట్టారు. ఐటీఐ చదివి, స్టీల్ ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లోనే క్రేన్ ఆపరేటరుగా చేరారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని, కథలు రాసేదాన్ని. ఇంట్లో మాటలన్నీ నావి. ఆయన రోజంతా ఎత్తున క్యాబిన్లో ఒక్కరే కూర్చుని, కింద మనిషి చేతుల వంక చూస్తూ పనిచేసిన మనిషి. ఇంటికొచ్చాక కూడా చెవులతో కంటే కళ్లతోనే ఎక్కువ వినేవారు.

ఆ చేతుల భాష నేర్పింది వసీలే. అప్పటి సోవియట్ దేశం నుంచి ప్లాంటు కోసం వచ్చిన నిపుణుల్లో ఒకడు. అతనికి తెలుగు రాదు, ఈయనకి రష్యన్ రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం. క్రేన్ దగ్గర "వీరా" అంటే ఎత్తు, "మైనా" అంటే దించు. చూపుడు వేలు పైకి పెట్టి చిన్నగా తిప్పితే నెమ్మదిగా ఎత్తు. రెండు చేతులూ బార్లా చాపితే ఆపు. ఇంత భాషతో వాళ్లిద్దరూ కొండలంత ఇనుము ఎత్తి దించారు. సోవియట్ దేశం ముక్కలయ్యాక వసీలే సొంతూరికి పోయాడు. ఆ ఊరిప్పుడు మోల్డోవాలో ఉంది. ఉక్రెయిన్ పక్కన, దాని భుజాన్ని ఆనుకుని ఉన్న చిన్న దేశం. చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి అనిరుధ్ ఫేస్‌బుక్‌లో అతన్ని వెతికి పట్టుకున్నాడు. కొత్త సంవత్సరం నాడు ఓసారి ఫోన్లో కనబడేవాడు, చెయ్యి ఊపేవాడు. అంతవరకూ నాకే ఇబ్బందీ లేదు.

రష్యా సైన్యం ఉక్రెయిన్ మీద పడ్డ వారం నుంచి ఆ ఫోను రోజూ వచ్చింది. మా టిఫిన్ అయ్యే వేళకి వాళ్లకి తెల్లవారుతుంది. రిటైరయ్యాక ఆ టిఫిన్ తర్వాతి గంట నాది. ముందురోజు రాసుకున్నది నేను చదివేదాన్ని, ఆయన వినేవారు. "ఆ ముసిలోడు అలా మాటాడడే" అనేవారు ఎక్కడో ఓ చోట. నేను మార్చేదాన్ని. పత్రికవాళ్లు మెచ్చుకున్న ప్రతి కథలోనూ ఆయన అడ్డుకున్న వాక్యం ఒకటి ఉంది. ఆ గంట వసీలే పట్టుకుపోయాడు.

మొదట్లో ఆ యుద్ధం నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాను. ప్రపంచమంతా అలాగే అనుకుంది. టాంకుల బారు దారిలోనే ఆగిపోయిందనీ, రాజధాని దాకా వెళ్లిన సైన్యం వెనక్కి మళ్లిందనీ పేపర్లో వచ్చినప్పుడు ఆయనకి చదివి వినిపించింది నేనే. కథలు చదివిన గొంతుతోనే అవీ చదివాను. విని ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎత్తేసినాడే. బరువెంతో సూసుకోలేదు, తాళ్లు సూసుకోలేదు. ఇపుడు దించడం సేతకావట్లేదు."

"ఎత్తింది ఉక్రెయిన్ మీద కదండీ. మధ్యలో మీ వసీలేకి ఏమైంది?"

"గాల్లో ఏలాడతన్న లోడు ఎటు ఊగుతాదో ఎవుడికి తెలుసే. పక్కన నిలబడ్డోడికే గుండె దడ."

ఆ మాట నిజమే. వసీలే దేశంలో నది అవతలి ఒడ్డున రష్యా సైనికులు ముప్పై ఏళ్లుగా ఉన్నారట. క్షిపణి ముక్కలు సరిహద్దు దాటి పడ్డాయని ఓ రోజు, కరెంటు పోయిందని ఓ రోజు, గ్యాసు లేదని ఓ రోజు చదివేదాన్ని. చదివిన ప్రతిసారీ ఆయన ఫోను కేసి చూసేవారు. నా గొంతుతోనే ఆయన్ని అటు పంపుతున్నానని తెలిసేది. అయినా చదివేదాన్ని. మానేస్తే నా దగ్గర కూర్చునే ఆ కాసేపు కూడా పోతుంది.

ఇదివరకు వసీలే కిటికీ పక్కన, పూలకుండీ ముందు కూర్చుని కనబడేవాడు. తర్వాత సెల్లార్లోకి మారాడు. వెనక రాతి గోడ, బల్లల మీద సీసాలు, ఒక్క బల్బు, ఒంటి మీద కోటు. అది చూశాక ఈయన ఇంక ఏ రోజూ ఫోను తప్పనివ్వలేదు. ఎందుకక్కడ ఉన్నావని అడగడానికి వాళ్ల దగ్గర మాట లేదు. అడగక్కర్లేదనే మేమిద్దరం అనుకున్నాం. బాంబుల భయానికి కాకపోతే ఆ వయసులో ఎవరు నేల కింద కూర్చుంటారు?

చేపల బుట్ట దించడానికి వచ్చిన పోతమ్మ ఓ రోజు గుమ్మంలోంచి ఆ తతంగం చూసింది. ఈయన వేలు తిప్పుతున్నారు, ఫోన్లో అతను చేతులు చాపుతున్నాడు, ఇద్దరూ పడి నవ్వుతున్నారు.

"ఏటప్పా, బావ రెండో కాపురం ఎట్టీసినాడేటి?" అంది.

"పెట్టేశారు. మగ సవతి."

"ఆడదైతే జుట్టట్టుకుని అడగొచ్చు. మగ సవతినేటి సేత్తావు? కానాగంతలు తెచ్చినాను, కొనుక్కో. పులుసు బాగుంటే ఈడే కూకుంటాడు."

కొన్నాను. పులుసు మెచ్చుకున్నారు. మర్నాడు ఆ పులుసు గిన్నె తీసుకెళ్లి ఫోన్లో వసీలేకి చూపించారు.

ఒక్కసారే గట్టిగా అన్నాను. వారపత్రికలో నా కథ పడింది. చాలాకాలానికి పడింది. టిఫిన్ కాగానే పత్రిక చేతికిచ్చాను, ఆయన నోట వినాలని. అప్పుడే ఫోను మోగింది. ఈయన నా కథ ఉన్న పేజీ విప్పి, చదవకముందే దాన్ని వసీలేకి చూపించారు. అతనికి ఒక్క అక్షరం రాదు. అయినా బొటనవేలు ఎత్తి చూపించాడు.

"మీరు చదవని కథని అతనెందుకు మెచ్చుకోవాలి?" అన్నాను ఫోను పెట్టేశాక.

"ఆడు మెచ్చుకుంటే నీకు కోపమేటే."

"అతను కాదు, మీరు. మీ గంట నాకు కావాలి."

"ఆడు సెల్లార్లో కూకున్నాడే. మీద ఏటి పడతాదో ఆడికే తెలీదు. నువ్వు ఇక్కడే ఉంటావు గదా. రాత్రికి సదువు, ఇంటాను."

"మీరు వేళ్లు తిప్పితే అక్కడ బాంబులు ఆగుతాయా?"

ఆయన నవ్వారు. కోపం వస్తే బాగుండేది. "ఆగవు. నాను కనబడితే ఆడు నవ్వుతాడు. అంతే" అన్నారు. రాత్రి కథ విన్నారు. నడుమ నిద్రపోయారు.

యుద్ధం అయిపోతే ఆ గంట తిరిగొస్తుందని ఎదురుచూశాను. ఎక్కడో చర్చలు జరుగుతున్నాయని వార్త వస్తే, నా అంత ఆశగా ఈ ఊళ్లో ఎవరూ చదివి ఉండరు. ఆ సైన్యం మనుషుల్ని పోగొట్టుకుంటూ, ఏళ్ల తరబడి ఊరికో నెల చొప్పున పాకుతూనే ఉంది. వెనక్కీ పోదు, ముగించనూ ముగించదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ లోడు అలా వేలాడుతూనే ఉంది.

ఆయన పోయాక కూడా ఫోను మోగింది. అదే వేళకి, రోజూ. నేను ఎత్తలేదు. ఈ కబురు అతనికి తెలియనంతకాలం ఈ దుఃఖం నా ఒక్కదానిదే అనిపించింది. పెద్దకర్మ అయ్యాక అనిరుధ్ చూసి, "అమ్మా, పాపం ఆయన కంగారుపడుతుంటారు" అని ఎత్తాడు. రాతి గోడ, బల్బు, కోటు. అనిరుధ్ ఇంకో ఫోన్లో తెలుగులో చెబితే అది వాళ్ల భాషలో పలికింది. వసీలే విన్నాడు. రెండు చేతులూ బార్లా చాపి, అలాగే ఉండిపోయాడు. తర్వాత ఫోను పట్టుకుని మెట్లెక్కాడు.

పైన వంటింట్లో వెలుగు బాగా ఉంది. అదే కిటికీ, అదే పూలకుండీ. తలకి గుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ ఫోను అందుకుని నా వంక చూసింది. ఇన్నేళ్లలో ఆవిడని చూడటం అదే మొదలు. వసీలే భార్య, పేరు లిదియా. మీకు చాలా కష్టం వచ్చిందని అంది. అనిరుధ్ మర్యాదకి అడిగాడు, మీరు క్షేమమేనా, ఆ సెల్లారు గట్టిదేనా అని.

ఆవిడ చాలాసేపు మాట్లాడింది. అనిరుధ్ చేతిలో ఫోను ఆ మాటల్ని ముక్కముక్కలుగా తెలుగులో చెప్పింది. అది బాంబుల కోసం కాదట, బంగాళాదుంపలు దాచుకునే కొట్టట. వాళ్లింట్లో భయపడి అందులోకి దిగిన రోజు ఒక్కటీ లేదట. పొద్దున్న తనతో కూర్చుని టీ తాగే మొగుడు అది మానేసి, ఎవరో మనిషిని చూసి గంటసేపు చేతులు ఊపుతూ నవ్వుతుంటే చూడలేక, ఆవిడే అతన్ని కిందికి పంపేసిందట.