జవాబు పాచిపోదన్న బాయి

మా బాయి పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. ఫోన్ చూసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చున్నాను. రాతి గుండె అనుకోకండి. ఆ పేరు ఎవరిదో నాకు తెలియలేదు, అంతే.

ఒకే పొడవాటి గ్యాలరీకి వరసగా గదులుండే మా చాల్ వాట్సాప్ గ్రూపులో ఆమె తమ్ముడి కొడుకు ఆసుపత్రి నుంచి పెట్టిన కబురు అది. ఇంటిపేరుతో సహా నిండు పేరు, వయసు, ఎన్నింటికి తీసుకుపోతారో అంతా ఉంది. వరసగా ముప్పై మందిమి దండాలు పెట్టాం. ‘ఎవరీమె?’ అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పావుగంట తర్వాత మేస్త్రి తాత గ్యాలరీ రెయిలింగ్ పట్టుకుని పెద్ద గొంతుతో అరిచాడు.

“అరే, గది మన బాయి పేరురా! మన బాయి పోయింది!”

ముంబైలో బడిలో చదువు చెప్పే ఆడమనిషిని బాయి అంటారు. ఆమె మునిసిపాలిటీ తెలుగు బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. మా తెలుగువాళ్ళుండే కామాఠిపురాలో సగం మందికి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి అక్షరాలు దిద్దించింది. పాలవాడికీ బాయే, రేషన్ దుకాణం వాడికీ బాయే. ఇన్నేళ్ళు గోడ పక్క గోడగా బతికి ఆమె పేరు తెలుసుకోలేదు చూడండి, మా తెలివి అలాంటిది. ఆ పేరు ఇప్పుడు తెలిసినా ఇక్కడ రాయను. రాస్తే వేరే ఎవరినో తలచుకుంటున్నట్టు ఉంటుంది.

నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. లోపల మంచం మీద అమ్మ ఉంది. ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలి? చెబితే, అంత కష్టం మీద తిరిగొచ్చిన మాట మళ్ళీ పోతేనో? 

నాలుగేళ్ళ కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారికి వచ్చాయి గానీ నోరు మాత్రం రాలేదు. డాక్టరు, “మాట్లాడిస్తూ ఉండండి” అన్నాడు. మాట్లాడించడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మొహంలో మొహం పెట్టి, “అమ్మా, నేనెవ్వరు? నా పేరేంది? చెప్పు!” అని అరవడం. రోజుకు పదిసార్లు. అమ్మ నా వంక చూసేది, తల గోడవైపు తిప్పుకునేది. నాకు ఓపిక తక్కువ. ఇంట్లో చీరలకు ఫాల్ కుట్టే పని నాది. దారం తెగితేనే శాపనార్థాలు పెట్టే మనిషిని. ఒకరోజు కోపం ఆపుకోలేక గిన్నె విసిరికొట్టాను. ఆ చప్పుడుకు బాయి గుమ్మంలోకి వచ్చింది.

“ఏం బిడ్డా, మీ అమ్మకు పరీక్ష పెడ్తున్నవా? అందుకే ఫెయిల్ అయితాంది. రేపు నాలుగింటికి గ్యాలరీల కూసోబెట్టు,” అంది.

అప్పటికే మా అంతస్తు గ్యాలరీలో ఆమె ఆట నడుస్తోంది. సాయంత్రం నాలుగైతే రెండు చాపలు పరిచేది. చాల్‌లోని ముసలివాళ్ళు ఏడెనిమిది మంది చేరేవాళ్ళు. పాత క్యాలెండర్ కాగితాలు చింపి, వెనకవైపు ప్రశ్నలు రాసి, బిస్కెట్ డబ్బాలో వేసి తెచ్చేది. ఒకరోజు పొడుపు కథలు, ఒకరోజు చివరి అక్షరంతో కొత్త మాట అందుకునే ఆట. ఇంకొక రోజు తనకే జవాబు తెలియని ప్రశ్నలు. “ఫాక్‌లాండ్ రోడ్డు మూలకు గా మెడికల్ దుకాణం రాకముందు ఏముండె?” అని అడిగేది. ఒకరు కంసాలి కొట్టు అంటే, ఒకరు ఇరానీ హోటల్ అనేవాళ్ళు. మేస్త్రి తాత ఆ గోడ కట్టింది మా నాయనే అని తొడ కొట్టేవాడు. బాయి ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని అన్నీ రాసుకునేది, బడిపిల్లలాగా.

ఆ ఆటలో బహుమానం చప్పరించే నిమ్మ గోలీ. అదీ ముందు చెప్పినవాళ్ళకు కాదు, అందరికంటే చివర చెప్పినవాళ్ళకు. ఇదేం న్యాయమని మేస్త్రి తాత ఒకసారి గొడవ పెట్టుకున్నాడు.

“ముందు చెప్పినోనికి చెప్పిన అన్న సంతోషం ఉండనే ఉంటది. ఇంక గోలీ ఎందుకు?” అంది బాయి.

ఆమె ఓడిపోయిన రోజు కూడా ఒకటి చెప్పాలి. కూరగాయల పేర్ల ఆటలో తాత “బటాటా” అన్నాడు. బాయి ఒప్పుకోలేదు. అది మరాఠీ మాట, తెలుగులో చెప్పమంది. తాత ఊరుకుంటాడా!

“మా తాత ఈడ్నే పుట్టిండు, బటాటానే తిన్నడు. ఆలుగడ్డ అంటే మా ఇంట్ల ఎవ్వలకు కడుపు నిండది, బాయీ!”

ఆ రోజు ఆట అక్కడే ఆగిపోయింది. మర్నాడు చాప పరవగానే బాయి అందరి ముందూ నిలబడి, “నిన్న తప్పు నాది. వండుకొని తిన్న మాట మన మాటే,” అని తాత చేతిలో గోలీ పెట్టింది. పిల్లల చెవులు మెలిపెట్టి బతికిన పంతులమ్మ అలా నలుగురిలో తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు.

సరే, అమ్మ సంగతి. మొదటి నెలంతా చాప మీద బొమ్మలా కూర్చునేది. ఒకరోజు బాయి నేరుగా ఆమెనే అడిగింది.

“పొద్దుగాల ఏడుస్తది, పగలంత పంటది. అది ఏడిస్తె మనం నవ్వుతం, అది ఊకుంటె మనం ఏడుస్తం. ఏంది చెప్పు, అక్కా?”

తెల్లవారి కాసేపే నీళ్ళు వచ్చే చాల్‌లో బతికేవాళ్ళకు అదేమంత కష్టం? అందరి నాలుకల మీదా ఉంది. అయినా బాయి కళ్ళతోనే అందరినీ కట్టేసింది. పక్కవాళ్ళు జవాబు అందించకూడదన్నది ఆమె ఆటలో గట్టి నియమం. ఒడిలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. కిలో కాయలు అయిపోవచ్చాయి. అమ్మ పెదవి కదలలేదు. నా వల్ల కాలేదు.

“నల్లా అని చెప్పరాదే అమ్మా, నల్లా!” అని అరిచేశాను.

బాయి తల ఎత్తలేదు. “జవాబు నీకు ఎరకే అని మాకు ఎరకే, బిడ్డా. అడిగింది నిన్ను గాదు. గంత ఘాయి, గంత తొందర ఎందుకు నీకు? లోపటికి పోయి చాయ్ పెట్టు,” అంది. అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చాను. ఆ చాయ్‌లో చక్కెర వేయడం కూడా మర్చిపోయాను.

మర్నాడు తెల్లవారగానే గ్యాలరీ చివర కొళాయి గురగురమని దగ్గి ధార పట్టింది. నేను బిందె తీసుకుని పరిగెత్తబోతున్నాను. వెనక నుంచి ఒక గొంతు. బొంగురుగా, నాకు పరిచయమే లేనట్టుగా.

“నల్లా.”

బిందె వదిలేశాను. అమ్మ అప్పటికే లేచి, గోడ పట్టుకుని, నన్ను దాటుకుని బాయి తలుపు దగ్గరికి పోయి దబదబా బాదింది. బాయి పళ్ళు తోముకుంటూ వచ్చింది. “బాయీ... నల్లా,” అంది అమ్మ. నోట్లో నురగతోనే బాయి లోపలికి పోయి గోలీ తెచ్చి అమ్మ నోట్లో పెట్టింది. నేను ఏడుస్తూ, “నేను నిన్ననే చెప్పేసిన గద బాయీ, అది లెక్కనా?” అని పిచ్చి ప్రశ్న ఒకటి అడిగాను.

“నువ్వు చెప్పింది నీ జవాబు. గిది ఆమెది. ఒక్కరోజు ఆలస్యం అయితె ఏమాయె? జవాబు ఏమన్న అన్నమా, పాచిపోనీకె?”

ఆ తర్వాత అమ్మ మాటలు ఒకటొకటిగా వచ్చాయి. పూర్తిగా రాలేదు, అబద్ధమెందుకు. కానీ ఒకనాడు కూర బాగాలేదని నన్ను పేరు పెట్టి తిట్టింది. ఆ తిట్టు విని నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ ఋణం బాయిదే. ఆమె కాళ్ళకు మొక్కబోతే, “లే లే, నడుం పట్టుకుంటది,” అని లేపేసింది.

ఇప్పుడు ఆ బాయి లేదు. గ్యాలరీలో ఆమెను పడుకోబెట్టినప్పుడు అమ్మను పట్టుకుని తీసుకొచ్చాను. అమ్మ ఏడవలేదు. ఆమె పాదాలు ఒకసారి తాకి, లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. అన్నం కావాలా అంటే తల ఊపడం, వద్దా అంటే తల ఊపడం. మూడు రోజులు, నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఆరో రోజు నా పాత బుద్ధి బయటపడింది. భుజం పట్టి కుదిపి, “అమ్మా, నేనెవ్వరు? నా పేరేంది?” అని అడిగాను. అమ్మ కళ్ళు మూసుకుంది. అయిపోయింది, బాయితో పాటే ఆ మాటా పోయింది అనుకున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పుకునే మనిషే కదా పోయింది!

పదకొండో రోజు దినం అయింది. ఆమె తమ్ముడి కొడుకు ఆ బిస్కెట్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి పోయాడు. మర్నాడు నాలుగింటికి మేస్త్రి తాతే చాపలు పరిచాడు. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అమ్మను కూడా తెచ్చి కూర్చోబెట్టాను. ఎవరు మొదలుపెట్టాలి? అందరూ నావైపు చూశారు. నేను డబ్బాలోంచి ఒక కాగితం తీసి, బడికి తనిఖీకి వచ్చిన అధికారిలాగా గొంతు సవరించుకుని చదవబోయాను.

మోకాలి మీద ఎవరో తట్టారు. అమ్మ.

“నీకు అడుగుడు రాదు,” అంది. “జరుగు.”

పన్నెండు రోజుల తర్వాత మాట! నేను జరిగాను. కాగితం చేతిలోనే ఉండిపోయింది. అమ్మ నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. అక్షరం ముక్క రాని మనిషి, బతుకంతా ఇటుకలు మోసిన మనిషి, కళ్ళు మూసుకుని ఒక్కో మాటా వెతుక్కుంటూ పైకి తెచ్చింది. మధ్యలో ఆగింది, తప్పి మళ్ళీ మొదటికి వచ్చింది. ఎవరూ అందించలేదు.

“తెల్లగ పుట్టె. నల్లటి దాని మీద నడిచె. నడుసుకుంట నడుసుకుంట... అరిగిపాయె. అది లేదు. అది నడిసిన తొవ్వ ఉన్నది. ఏంది చెప్పుండ్రి?”

ఇలాంటి పొడుపు కథ మా వాడలో నేనెన్నడూ వినలేదు. ఆ డబ్బాలో ఉన్నది కూడా కాదు, తర్వాత కాగితాలన్నీ తిరగేసి చూశాను. ఇన్ని రోజులూ గోడవైపు తిరిగి పడుకుని ఆమె దీన్ని కూర్చుకుంటోంది. నేనేమో మాట పోయిందని భుజం పట్టి కుదిపాను.

అమ్మ కళ్ళు తెరిచి అటు చివర నుంచి ఇటు చివర దాకా అందరినీ చూసింది. మేస్త్రి తాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. నేను నోరు తెరిచాను, నాకెందుకు ఘాయి అని మూసుకున్నాను. జవాబు తెలియనివాళ్ళు ఆ చాపల మీద ఒక్కరూ లేరు. ఒక్కరమూ చెప్పలేదు.